చూసినావా, అనుకున్నావా?

అటుమొన్న పొద్దున దుకాణం తెరిచి, రంగు తేలాలని బండల మీద నీళ్లు చల్లుతుంటే ఫోన్ మోగింది. సగిలేరు వంతెనకు రంగులు వేసే మేస్త్రి. నా నంబరు ఎవరో ఇచ్చారట.

"అక్కా, వంతెన కింద మూడో పిల్లరుకు కొట్టిన పలకరాళ్లు నీ దుకాణంవేనంట గదా. పీకేస్తాము, వచ్చి తీసుకపో."

"అవి నిన్నేం చేసినాయబ్బా?"

"వాటి మీద రంగు నిలవడం ల్యా. తడిగా ఉండాయి. రెండు దినాల్నుంచి చూస్తాండా. గుడ్డ పెట్టి తుడుస్తే మళ్లా తడి."

నడి ఎండాకాలం. సగిలేట్లో నీళ్లు చూసి ఆరు నెలలు దాటింది. ఇసుక తవ్వినా చెమ్మ తగలని రోజులు.

"ఎంత ఎత్తుదాకా ఉంది తడి?" అని అడిగాను.

"ఐదు రాళ్లుండాయి గదా. కింద నాలుగూ నల్లగా ఉండాయి. ఐదో దాంట్లో సగం దాటింది. ఆ పైన పొడి. ఎవరో స్కేలు పెట్టి గీసినట్ల ఉందక్కా."

చెంబు కింద పెట్టాను. "వాటిని ముట్టుకోవద్దు. రేపు పొద్దున ఎనిమిదికి నేనే వస్తా" అన్నాను. ఎనిమిది అని ఎందుకన్నానో ఆ మేస్త్రికి తెలియదు. గిద్దలూరులో ఎనిమిదంటే అర్థం తెలిసిన మనిషి పోయి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలలూ నేను వంతెన వైపు పోలేదు. కొమరోలు పనులుంటే ఇంకొకరిని పంపాను తప్ప, సగిలేరు దాటలేదు.

ఊళ్లో అందరూ ఆయన్ని గేజీ మామ అనేవారు. సొంత ఊరు ఇదే, ఉద్యోగం మాత్రం ఎక్కడో ఈశాన్యంలో. కొండల్లోంచి దిగి మన దేశం దాటి పక్క దేశంలోకి పోయే ఒక నది ఒడ్డున ముప్పై ఏళ్లకు పైగా గేజీ కంబం మీద నీటిమట్టం చూసి చెప్పడమే పని. రిటైరై తిరిగొచ్చాక భార్య పోయింది. కూతురి దగ్గర ఉండేవాడు. సన్నటి మనిషి. కుడికన్ను ఎప్పుడూ సగం మూసి ఉండేది. ఎర్రటి ఎండలో కూడా చేతి మీద మడత పెట్టిన రెయిన్ కోటు ఉండేది. ఎందుకు మామా అంటే, వాన చెప్పి వస్తాదా అనేవాడు.

మాది మార్కాపురం. మా నాయన పలకల గనుల్లో పెరిగినవాడు, నేను పలకల పొడిలో పెరిగినదాన్ని. నన్ను గిద్దలూరుకిచ్చాక ఇక్కడ బండల దుకాణం పెట్టుకున్నాను. రాయి గురించి నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదని కొంచెం పొగరు కూడా ఉంది. ఆ పొగరు మీదే ఆయన మొదటిరోజు చెయ్యి వేశాడు.

ఐదు పలకరాళ్లు కావాలన్నాడు. ఒక్కొక్కటి మీటరు పొడుగు, జానెడు వెడల్పు. సెంటీమీటరుకు ఒక గీత, పదికి ఒక అంకె, చెక్కి తెల్లరంగు నింపాలి. ఇనుప రేకులే చవక మామా అన్నాను. "ఇనుము తుప్పు పడతాది కోడలా. మీ మార్కాపురం రాయైతే నీళ్లు తాగదంట గదా" అన్నాడు. నిజమే. మా రాయి తడిస్తే నల్లబడుతుంది, ఆరితే మళ్లీ బూడిదరంగు. లోపలికి మాత్రం నీళ్లను రానివ్వదు. నా రాయిని నా ముందే మెచ్చుకుంటే నేను కరగకుండా ఉంటానా, వారంలో చెక్కించి పెట్టాను.

వచ్చి నేల మీద బోర్లా పడుకుని, కన్ను రాయికి ఆనించి, ఐదు వందల గీతలూ చూశాడు. రెండుగంటలు పట్టింది. నాలుగో రాయిలో ఒక గీత వెంట్రుకంత కిందికి పోయిందన్నాడు.

"అంత సన్నంగా ఎవరు చూస్తారు మామా?"

"కిందుండేవాడు చూస్తాడు."

"కింద ఎవరుండారు?"

ఆయన మళ్లీ కన్ను రాయికి ఆనించాడు. నాకు ఒళ్లు మండింది. ఆ రాయి మళ్లీ చెక్కించి ఇచ్చేదాకా దుకాణం ముందు నుంచి లేవలేదు మహానుభావుడు.

ఎవరి పర్మిషనూ అడక్కుండా వాటిని ఒకదాని మీద ఒకటి వంతెన పిల్లరుకు సిమెంటుతో కొట్టించాడు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున ఎనిమిదికి ఏట్లోకి దిగేవాడు. ఆ పని కానిదే టీ చుక్క నోట్లో పోసుకునేవాడు కాదు. చెప్పులు ఇసుక ఒడ్డున విడిచి, పిల్లరు ముందుకు పోయి, నీళ్లు లేని ఇసుక మీద బోర్లా పడుకునేవాడు. కన్ను మట్టానికి సరిగ్గా ఎదురు రావాలట. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందనుంచి చూస్తే ఇంకొకటి కనబడుతుందట. చెంప ఇసుకకు ఆనించి, కుడికన్ను సగం మూసి సున్నా దగ్గరికి చూసి, లేచి, కలసపాడు వైపు, అంటే ఏరు పోయే వైపు తిరిగి "సున్నా. సున్నా." అని రెండుసార్లు గట్టిగా చెప్పేవాడు. తర్వాత చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ఆగేవాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపి చెప్పులు వేసుకునేవాడు.

వంతెన మీద బస్సులోంచి చూసినవాళ్లు నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు.

"నీళ్లకు కాపలా ఏంది మామా? కోళ్లకు కాపలా అంటే అర్థముంది."

"కోళ్లకన్నా నీళ్లకే కావాల కోడలా. పైనోడు ఉన్నదున్నట్లు చెప్పకుంటే కిందోడు పోతాడు. నడిమధ్యలో దేశాల గీత ఉంటే ఇంకా కష్టం. కిందోడి మొకం పైనోడు ఎప్పుడూ చూడడు. అంకె ఒక్కటే అటు పోతాది."

"మన ఏట్లో ఏం గీతుంది?"

"ఆ వంపు తిరిగినాక కడప జిల్లా గదా. నేను పుట్టినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లా. నేనున్నకాడే ఉన్నా, గీత జరిగింది. నీళ్లకు తెలుస్తాదా ఇదంతా?"

ఆయన దగ్గర ఒక మాట ఉండేది. ఎవరేం చెప్పినా, ముందు ఆ మాటే అడిగేవాడు. కంభం బస్సు పోయింది మామా అంటే, "చూసినావా, అనుకున్నావా?" కూతురు అన్నం ఉడికింది నాయనా అంటే, "చూసినావా, అనుకున్నావా?" ఒకసారి మామ మా ఇంటికొస్తే, మా ఆయన తను లేడని చెప్పమన్నాడు, నేనూ అట్లాగే చెప్పబోయాను. ఆ సగం మూసిన కన్ను నా మీద పెట్టి అదే అడిగాడు. మా ఆయన లోపలినుంచి తనే బయటికొచ్చాడు. చిన్నా పెద్దా అందరూ ఆ మాటతో ఆయన్ని వేళాకోళం చేసేవాళ్లు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా నవ్వుతూ అడగలేదు.

రెండేళ్ల కిందట మే నెలలో నేను ఏట్లోకి దిగాను. రాళ్లకు సిమెంటు ఊడుతోందని ఆయన కబురు పెట్టాడు. ఎనిమిది కావడానికి ఇంకా పది నిమిషాలుంది. నేను అడుగురాయి దగ్గర కూర్చుని సిమెంటు గోకుతున్నాను. అప్పుడు చూశాను. రాయి అడుగున రెండువేళ్ల మందం నల్లగా ఉంది.

"తడి ఎట్లొచ్చింది మామా?" అన్నాను.

ఆయన ముఖం అప్పుడు ఎట్లా మారిందో నేను మర్చిపోలేను. నా పక్కనే ఇసుకలో కూర్చున్నాడు.

"నీకూ కనపడతాందా?" అన్నాడు. "నాకొక్కనికే అనుకుంటి. కళ్లు పోయినాయి, బుర్ర పోయింది, అంతే అనుకుంటి."

నేను వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఇసుకేమో వేడి. ఇసుక తోడి చూస్తే అడుగున కూడా పొడే. నేల తడి ఎగబాకడానికి ఇది మట్టిగోడ కాదు, మా రాయి నీళ్లు పీల్చదు. చీర చెంగుతో తుడిచాను. చెంగు తడిసింది. వాసన చూస్తే సగిలేటి వాసన కాదు. చివికిన ఆకులు, చేప, పొగ కలిసిన వాసన. నేను చూస్తుండగానే తుడిచినచోట రాయి మళ్లీ మెల్లగా నల్లబడింది.

నేను దేనికీ అంత తొందరగా భయపడే మనిషిని కాను. ఆ రోజు భయపడ్డాను.

అప్పుడు చెప్పాడు. అంత వరకు ఎవరికీ చెప్పలేదట, భార్యకు కూడా.

వరదకాలంలో ఆయన అంకెను వైర్‌లెస్ సెట్టులో నేరుగా అవతలి దేశపు మనిషికి చెప్పేవాడట. ఆ మనిషి ఏటి కిందుగా, కట్ట పక్కన ఉండేవాడు. ఎన్నడూ చూడలేదు. గొంతే పరిచయం. ఈయన అంకె రెండుసార్లు చెప్తే, ఆయన "పేయేఛి, దాదా" అనేవాడు. అందింది అన్నా, అని వాళ్ల భాషలో. ఆ గొంతు వెనక కోడిపిల్లల అరుపులు వినపడేవి. ఆ మనిషి అంకె అందుకుంటే కట్ట కింద గుడిసెలవాళ్లకు కబురు పోయేది.

"ఒకనాడు జ్వరం. వాన. ఏట్లోకి దిగే మెట్ల మీద జలగలు. ముందురోజు సాయంత్రం రెండు తొమ్మిది, అంటే రెండు మీటర్ల తొంభై ఉండె. పొద్దున మూడు ఒకటి ఉంటాదిలే అనుకున్నా. మంచం మీంచే చెప్పినా, మూడు ఒకటి, మూడు ఒకటి. పేయేఛి దాదా అన్నాడు. తొమ్మిదింటికి మనసు ఒప్పక దిగినా. మెట్లే లేవు కోడలా. గేజీ కంబం నాలుగు ఆరు దాకా మునిగింది."

"వెంటనే చెప్పలేదా?"

"చెప్తే, ఎనిమిదింటికి నువ్వు చూడలేదా అని అడుగుతారు. ఉద్యోగం పోతాది. మళ్లీ అంకె చెప్పే టైము ఒంటిగంటకు. అప్పుడే పెరిగినట్లు చెప్తాంలే అనుకున్నా. తప్పు అంకె చెప్పినందుకు కాదు నా ఏడుపు. తెలిసినాక నాలుగు గంటలు నోరు మూసుకున్నందుకు."

ఒంటిగంటకు చెప్పినప్పుడు అవతల వేరే గొంతు పలికిందట. కోడిపిల్లల అరుపులు లేవట. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ పాత గొంతు మళ్లీ వినపడలేదు.

"అడగలేదా మామా, ఆయనేమైనాడని?"

"అడిగితే చెప్తారు గదా" అన్నాడు.

ఎనిమిదైంది. పడుకుని చూసి, లేచి, ఏరు పోయే వైపు "సున్నా సున్నా నాలుగు. సున్నా సున్నా నాలుగు." అన్నాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. నేనూ సిమెంటు గోకడం ఆపి విన్నాను. తల అడ్డంగా ఊపి, "అందలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని చూసి నవ్వలేదు.

పోయిన ఏడాది ఆయన్ని కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. కారు ఎక్కుతూ నా చెయ్యి పట్టుకుని, "నేను వచ్చేదాకా నువ్వు చూసి చెప్పు. నీ మాట నాకు నా కన్ను" అన్నాడు. సరే అన్నాను. పది రోజులు ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే ఏట్లోకి దిగి, ఆయన పడుకున్నట్లే పడుకుని చూశాను. చీర నిండా ఇసుక. వంతెన మీదివాళ్లు ఇప్పుడు నన్ను చూసి నవ్వారు. ఒక రోజు నాలుగు సెంటీమీటర్లు, ఒక రోజు రెండు, ఎక్కువ రోజులు సున్నా. సరిగ్గా ఎనిమిదికి ఆయన ఫోన్ చేసేవాడు. నేను రెండుసార్లు చెప్పేదాన్ని. "ఊ" అని పెట్టేసేవాడు.

పదకొండో రోజు బేతంచర్ల నుంచి బండల లారీ వచ్చింది. దించేవాళ్లు తొందర పెడుతున్నారు. ఒక బండ పగిలింది, వాళ్లతో నోరు పారేసుకుంటున్నాను. ఎనిమిదైంది, ఫోన్ మోగింది. వంతెన మా దుకాణానికి ఐదు నిమిషాల నడక. కాస్త ఆగు మామా, పోయి చూసి చెప్తా అంటే సరిపోయేది. నిన్న సున్నా, మొన్న సున్నా. ఇవాళ మాత్రం ఏముంటుంది?

"సున్నా మామా. సున్నా."

ఆయన గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్లుంది. "చూసినావా, అనుకున్నావా?"

"చూసినా మామా" అన్నాను.

ఫోన్లో ఆయన ఊపిరి వినపడుతోంది. దాని వెనక ఏదో సన్నటి కిచకిచ. ఆసుపత్రిలో ఏవో మిషన్లుంటాయిగా, అదే అనుకున్నాను. తర్వాత ఆయన చాలా నెమ్మదిగా అన్నాడు:

"పేయేఛి."

ఫోన్ ఆగిపోయింది. అందింది అని ఆయన నాతో అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

లారీ ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి బండలు లెక్కపెట్టాను. పోయి చూసి, నిజం చెప్దామని వంద సార్లు అనుకున్నాను. అనుకోవడమే. అరగంట తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడక్కా. నీతో మాట్లాడినాక కళ్లు మూసుకున్నాడు. సున్నా, ఇంక అందరూ నిద్రపోవచ్చు అన్నాడు. ఎవరితో అన్నాడో."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఏటికి పరిగెత్తాను. ఇసుక పొడిగానే ఉంది. రాళ్లు మాత్రం నల్లగా ఉన్నాయి. అడుగురాయి, రెండోది, మూడోది, నాలుగోది. తలెత్తి చూశాను. ఐదో రాయి సగం దాటి తడి, సన్నగా కారుతోంది. ఆ అంకె ఎక్కడో విన్నట్లుందే అనుకున్నాను. నాలుగు ఆరు, మామ నాలుగు గంటలు దాచిన అంకె. ఆ గీత నిజమే అయితే నేనప్పుడు నా తల మీద ఇంకా నా అంతవాళ్లు ఇద్దరు మునిగే నీళ్ల అడుగున నిలబడి ఉన్నాను.

ఎవరికి చెప్పాలి? కిందివైపు తిరిగాను, అంకె చెప్పకుండానే వెనక్కి తిరిగాను. ఎనిమిదింటి అంకె నేను ఎప్పుడో చెప్పేశాను. ఆ అబద్ధాన్ని నమ్మి ఆయన పోయాడు. కళ్ల మీద చెంగు కప్పుకుని ఇంటికొచ్చాను. ఆ తర్వాత ఇంక వంతెన వైపు పోలేదు.

అందుకే మేస్త్రి ఫోన్ చేసిన మర్నాడు ఏట్లోకి దిగుతుంటే, పడిన శిక్ష అనుభవించడానికి పోతున్నట్లే ఉంది. అతను పిల్లరు దగ్గర బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. రాళ్లు అట్లాగే ఉన్నాయి. ఎనిమిది నెలల కిందట చూసిన చోటే గీత. ఎనిమిది నెలలుగా ఆ నీళ్లు నాకోసం అక్కడే ఆగి ఉన్నాయా అని ఏడుపొచ్చింది.

"నీ నిచ్చెన పిల్లరుకు ఆనించబ్బా" అన్నాను.

"ఎందుకక్కా? కిందనుంచి కనపడతాంది గదా."

"కిందనుంచి చూస్తే తప్పొస్తాది."

చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. ఒక్కొక్క మెట్టుకూ ఆ వాసన పెరిగింది, ఆకులు, చేప, పొగ. ఐదో రాయి దగ్గర నా కన్ను గీతకు ఎదురుగా వచ్చింది. కుడికన్ను సగం మూసి చూశాను. అప్పట్లో ఆయన పట్టుబట్టి మళ్లీ చెక్కించిన నాలుగో రాయి నా నడుము దగ్గరుంది. దానిలో ఒక్క గీత కూడా వంకర లేదు. అంకెలో అనుమానమేమీ లేదు. నిచ్చెన మీదే ఏరు పోయే వైపు తిరిగాను.

"నాలుగు ఆరు. నాలుగు ఆరు." నా గొంతు ఇసుక మీదుగా వంపుదాకా పోయింది. "మామా, ఆ రోజు నేను చూడలేదు. అనుకున్నా. ఇప్పుడు చూసి చెప్తాండా."

చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాను. మేస్త్రి బీడీ ఆర్పేసి నా వైపే చూస్తున్నాడు. గాలి లేదు. ఏ గొంతూ రాలేదు. చాలాసేపటికి, వంపు అవతల నుంచి, కోడిపిల్లల కిచకిచ వినిపించింది. అక్కడ ఇల్లు లేదు, దొడ్డి లేదు. ఇసుకా, తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేవు.

"నీకేమన్నా వినపడతాందా?" అని మేస్త్రిని అడిగాను.

"కోళ్లేమోలే అక్కా" అన్నాడు.

"చూసినావా, అనుకున్నావా?"

అతను వంపు వైపు ఒకసారి చూశాడు. మూడో పిల్లరు వదిలేసి మిగతావాటికి రంగులు వేసుకుంటానని తనే అన్నాడు. నిచ్చెన కూడా నాకోసం అక్కడే ఉంచాడు.

మర్నాడు ఎనిమిదికి ఎక్కితే నాలుగు ఐదు ఉంది. ఇవాళ కూడా పోయి చూసి, గట్టిగా రెండుసార్లు చెప్పి వచ్చాకే టీ తాగాను. అందిందని ఇంకా ఎవరూ అనలేదు. రేపు ఎంత ఉంటుందో నాకు తెలియదు. పోయి చూడాలి.